మీటని స్వరం

మా పక్కింటి అమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది. కురుపాంలో సాయంకాలం వీధి సద్దుమణిగే వేళకు సెల్‌ఫోనులో తంబూరా పెట్టుకుని సరళీ వరుసలకు కూర్చుంటుంది. "పాడితే పాడు గాని, ఆ జుంయ్‌మనే రొద ఏటే? కట్టేద్దూ!" అంటుంది వాళ్ళ నాయనమ్మ. పిల్ల కట్టేస్తుంది. పది నిమిషాలు తిరిగేసరికి ఆరంభించిన షడ్జం ఒకచోట, ముగించిన షడ్జం మరొకచోట! మర్నాడు గురువుగారి చీవాట్లు మాత్రం పిల్లకే.

ఆ రొదే పాటకు పునాది అని పెద్దావిడకు నేనే చెప్పవలసి వచ్చింది. ఆ చెప్పిన మాటలే ఇవి.

స్వరాలు ఒకదాని వెనుక ఒకటి నడిస్తే మెలడీ. వేర్వేరు స్వరాలు ఒకేసారి పలికి పొసగితే హార్మనీ. రామాలయంలో పదిమంది భజన చేస్తే హార్మనీ అవుతుందా? కాదు. మగవారు కింది స్థాయిలోనూ, ఆడవారు పై స్థాయిలోనూ పాడినా అందరిదీ ఒకే వరుస. కొందరు స, కొందరు గ, కొందరు ప ఒక్కసారే పట్టుకుంటే అప్పుడది హార్మనీ.

ఏ స్వరాలు పొసగుతాయి? 60 సెంటీమీటర్ల తీగ మీటితే పలికేది స అనుకోండి. అందులో 30 మాత్రమే మోగనిస్తే పై స. 40 అయితే ప. 48 అయితే అంతర గాంధారం. లెక్క ఎంత సులువో చెవికి అంత హాయి. పాశ్చాత్యులు మేజర్ కార్డు అనేది ఈ స, గ, పలనే.

మరి మనకు హార్మనీ లేదా? తంబూరాకు నాలుగు తీగలు: ప, స, స, మంద్ర స. గాంధారానికి తీగే లేదు. అయినా చక్కగా శ్రుతి చేసిన తంబూరా ముందు నిశ్శబ్దంగా కూర్చోండి; మంద్ర షడ్జంలోంచి గాంధారం దానంతట అదే వినిపిస్తుంది. తీగ మొత్తంగానే గాక సగాలుగా, మూడోవంతులుగా, అయిదోవంతులుగా కూడా ఒక్కసారే కంపిస్తుంది. ఆ అయిదోవంతుల కంపనమే ఈ స్వరం. పెద్దలు దీన్ని స్వయంభూ గాంధారమన్నారు. మేజర్ కార్డు మన ఇంట్లోనే మోగుతోందన్నమాట!

అయితే మనవాళ్ళు కార్డులతో మేడ కట్టలేదు. కారణం గమకం. తోడిలో గాంధారం ఊగుతూ ఉంటుంది. దాని పక్కన కదలని మరో స్వరం నిలబెడితే రెంటికీ తగవు. పాశ్చాత్యుల పాటలో కింది ఆధారం కూడా మారుతూ పోతుంది. మనకు నేల కదలదు, నడకే కదులుతుంది.

వయొలిన్‌నే చూడండి. పాశ్చాత్యులు నాలుగు తీగలనూ నాలుగు వేర్వేరు స్వరాలకు బిగిస్తారు. మనవాళ్ళు స-ప-స-పలుగా బిగించి, కదలని నేల చేసుకున్నారు. 1919లో వెలసిన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ వాద్యం నేర్పి, 1936లో దానికే అధ్యక్షులయ్యారు. పరదేశపు పెట్టె మన గమకాన్ని మాతృభాషలా పలికింది.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లల చేత పాడించే ముందు అయిదు నిమిషాలు శ్రుతి విననివ్వండి. నేల ఎక్కడుందో తెలియని పాదానికి నడక రాదు.

నిన్న సాయంకాలం పక్కింట్లో మళ్ళీ ఆ జుంయ్ వినిపించింది. ఆపమన్నవారు లేరు. టీవీ మాత్రం ఆగింది.