మన ఊరి డిటెక్టివ్ లైబ్రరీలోనే ఉంది

తెలుగులో డిటెక్టివ్ నవలలకేం కరువు లేదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, మధుబాబు గారి షాడో మన నాన్నల తరానికి నిద్ర లేకుండా చేసినోళ్ళే. కానీ యుగంధర్‌ది మద్రాసు, షాడో అయితే దేశాలే తిరుగుతాడు. ఆదోనిలో బస్సు దిగిన డిటెక్టివ్ మాత్రం నాకింతవరకు తగల్లేదు. మన వైపుకి కథల్లో దక్కింది ఫ్యాక్షనే. సుమోలు, వేటకొడవళ్ళు, నాటుబాంబులు. సినిమావాళ్ళు కొండారెడ్డి బురుజు దాటి పడమరకి రారు.

అందుకే మనకి కావాల్సింది 'కోజీ మిస్టరీ' అంటాను. చిన్న ఊరు, ఒకరికొకరు తెలిసిన మనుషులు, కళ్ళముందు రక్తపాతం లేని నేరం, దాన్ని విప్పే ఒక మామూలు మనిషి. అగాథా క్రిస్టీ 1930లో మిస్ మార్పుల్ అనే పల్లెటూరి ముసలావిడతో మొదటి నవల రాసింది. అమెరికాలో షార్లీన్ హారిస్ 1990లో అరోరా టీగార్డెన్ అనే లైబ్రేరియన్‌నే డిటెక్టివ్‌ని చేసింది.

లైబ్రేరియన్ ఎందుకంటే, ఊళ్ళో అందరూ మాట్లాడే చోటు టీ కొట్టు, అందరూ మాట్లాడకుండా కూర్చునే చోటు లైబ్రరీ. ఎవరు రోజూ పేపర్ చదువుతారు, ఎవరు ఉన్నట్టుండి మానేశారు, ఏ పుస్తకం తేదీ దాటినా వెనక్కి రాలేదు, అన్నీ రిజిస్టర్లో ఉంటాయి. ఇంకో మెలిక కూడా ఉంది. ఎవరేం చదివారో బయటికి చెప్పడం లైబ్రేరియన్‌కి మర్యాద కాదు. నిజం తెలిసీ నోరు మెదపలేని డిటెక్టివ్ కంటే మంచి హీరోయిన్ ఎక్కడ దొరుకుతుంది?

క్లూలకీ మన దగ్గర కొదవ లేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని బళ్ళారి జిల్లాలోదే. ఇప్పటికీ తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే వీధిలో వినిపిస్తాయి. పుస్తకంలో ఒక తెలుగు చీటీ దొరికిందనుకోండి. తలకట్లు టిక్ మార్కులా కాకుండా అడ్డంగా సాగి ఉంటే, రాసినోళ్ళు కన్నడ బడిలో చదివినోళ్ళు కావచ్చు. బస్సెక్కి ఎమ్మిగనూరు పోతే మగ్గాలు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఊరది. పేజీల మధ్య గుర్తుకోసం పెట్టిన అంచు ముక్క చూసి, అది ఎవరి మగ్గం మీద నేసిందో చెప్పగల పెద్దాయన లైబ్రేరియన్‌కి అసిస్టెంట్. అనుమానితులందరినీ ఒకచోట చేర్చడానికి జనవరిలో నీలకంఠేశ్వర స్వామి జాతర ఉండనే ఉంది.

ఇదంతా సరదా భాగం. నేను చదవాలనుకునే కేసు వేరే. దీపావళి అయిపోయింది. వారం వారం వచ్చే ఏడో తరగతి పాప రావడం లేదు, తీసుకెళ్ళిన కథల పుస్తకమూ రాలేదు. మేడం వెతుక్కుంటూ వాళ్ళ పల్లెకి పోతే ఆ వీధిలో సగం ఇళ్ళకి తాళాలు. కిడ్నాప్ కాదు, హత్య కాదు. అందరూ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలసపోయారు. పాప తమ్ముణ్ణి ఎత్తుకుని చేను గట్టున ఉంది. మిస్ మార్పుల్ చివర్లో ఒక వేలు చూపిస్తుంది, పోలీసులు పట్టుకుపోతారు. ఇక్కడ మన మేడం వేలు ఎవరివైపు చూపించాలి? వానవైపా, కాలువలవైపా, అప్పులవైపా, ఓట్లడిగి పోయినోళ్ళవైపా?

వలస మీద రిపోర్టులు, వార్తలు చాలానే వచ్చాయి. చదివి పేజీ తిప్పేస్తాం. అదే మిస్టరీగా చెప్తే పాప ఏమైందో తెలిసేదాకా పుస్తకం కింద పెట్టం.

"ఈ కాలంలో లైబ్రరీకి ఎవడు పోతాడ్రా?" అనేవాళ్ళకి ఒక మాట. 1960 నాటి చట్టం పుణ్యమా అని ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ పన్ను కూడా మన ఇళ్ళల్లో కడుతూనే ఉన్నారు. కట్టినందుకైనా ఒకసారి పోయి చూడండి. కథ అక్కడే దొరకొచ్చు.

వచ్చే సంచికకి ఎవరైనా మొదలుపెట్టండి. షరతు ఒక్కటే: సుమోలు ఎగరకూడదు.