ఆయిల్ లైటు వెలిగితే బండి ఆపండి, ఫోటో తీయండి

సౌదీలో కంపెనీ పికప్‌లు, డైనాలు, వాటర్ ట్యాంకర్లు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్లకు ఈ మాట. డ్యాష్‌బోర్డు మీద నూనె చుక్క కారుతున్న డబ్బా బొమ్మ ఒకటి ఎర్రగా వెలుగుతుంది చూడండి. అది మిణుకుమిణుకుమంటే ప్రమాదంలో పడింది ఇంజన్ ఒక్కటే కాదు, మీ జీతం కూడా.

ఇంజన్ సీజ్ అయ్యాక ఏం జరుగుతుందో మీకు తెలుసు. బండిని వర్షాకు లాక్కుపోతారు. మెకానిక్ చూసి "ఆయిల్ లేకుండా నడిపాడు" అంటాడు. ఆయిల్ మార్చి ఎన్నాళ్లైంది, లీకు ఉందని డ్రైవర్ ఎన్నిసార్లు చెప్పాడు అని ఎవరూ అడగరు. బిల్లు తెచ్చి డ్రైవర్ చేతిలో పెడతారు.

సౌదీ కార్మిక చట్టం 91వ ఆర్టికల్ ఏమంటుందో తెలుసుకోండి. యజమాని యంత్రం పాడైతే, అది కార్మికుడి తప్పు వల్ల గానీ, ఆదేశాలు మీరినందువల్ల గానీ జరిగితేనే జీతంలో కోయాలి. అలా కోసినా నెలకు 5 రోజుల జీతం దాటకూడదు. ఆరోపణ తప్పనిపించినా, లెక్క ఎక్కువనిపించినా ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి. హౌస్ డ్రైవర్లు మాత్రం ఈ చట్టం కిందికి రారు, వాళ్లకు వేరే నిబంధనలు ఉన్నాయి.

ఇక్కడ అసలు ముడి "తప్పు" అనే మాట దగ్గరుంది. సర్వీసు చేయించకపోవడం కంపెనీ తప్పు. కానీ ఎర్ర లైటు చూసి కూడా మీరు ఇంకో 20 కిలోమీటర్లు నడిపితే అది మీ తప్పు అవుతుంది. కంపెనీ నిర్లక్ష్యాన్ని మనమే మోసుకెళ్లి మన నెత్తిన పెట్టుకున్నట్టు. అందుకే లైటు వెలిగాక నడపొద్దు అంటున్నాను.

ఆ లైటు చెప్పేది ఆయిల్ ప్రెషర్ తగ్గిందని. ఇంజన్‌లో ఇనుము ఇనుముకు రాసుకోకుండా మధ్యలో పల్చటి నూనె పొర ఉంటుంది. పంపు ఆ నూనెను నెట్టకపోతే బేరింగులు కొద్ది నిమిషాల్లోనే కాలిపోవచ్చు.

లైటు ఎప్పుడు మిణుకుతోందో గమనిస్తే కారణం సగం దొరుకుతుంది. మలుపు తిప్పినప్పుడో, బ్రేక్ వేసినప్పుడో వెలిగి ఆరిపోతుంటే చాలాసార్లు ఆయిల్ తక్కువైందని అర్థం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెలిగి, యాక్సిలరేటర్ తొక్కగానే ఆరిపోతే ఆయిల్ పాతబడి పల్చనై ఉండాలి, లేదా పంపో బేరింగులో అరిగి ఉండాలి. లోడింగ్ కోసం గంటలకొద్దీ ఏసీ వేసుకుని నిలబెట్టే బండ్లలో ఇది మామూలే. మీటరు మీద కిలోమీటర్లు పెరగవు, ఆయిల్ మాత్రం అరిగిపోతూనే ఉంటుంది. లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఇక ఆలోచించే పని లేదు.

ముందు బండిని రోడ్డు పక్కకు తీసి, హజార్డ్ లైట్లు వేసి ఇంజన్ ఆపండి. చదునైన చోట పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ లాగి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. కింది గీతకు తక్కువుంటే ఆ బండికి చెప్పిన గ్రేడ్ ఆయిల్ కొంచెం కొంచెంగా పోసి కొలవండి, పై గీత దాటనివ్వకండి. పోశాక స్టార్ట్ చేస్తే లైటు కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోయినా, ఆయిల్ సరిపడా ఉండి కూడా లైటు వెలిగినా, ఇంజన్ టకటకమన్నా మళ్లీ స్టార్ట్ చేయొద్దు. బండిని ఎత్తుకెళ్లాల్సిందే.

"సెన్సార్ పోయింది, నడుపు" అని ఫోర్‌మన్ అంటాడు. నిజమే కావచ్చు, ఆ స్విచ్ పాడవడం ఉన్నదే. కానీ ఆ సంగతి మెకానిక్ ప్రెషర్ గేజ్ పెట్టి తేల్చాలి. ఫోన్లో కూర్చుని తేల్చేది కాదు. ఇంకో మోసం కూడా ఉంది. తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందు ఈ లైటు వెలగాలి. అసలు వెలగలేదంటే బల్బు పోయుండాలి, లేదా ఎవరో వైరు పీకేసి ఉండాలి. అలాంటి బండి మీకిస్తే ఆ మాట ఆ రోజే మెసేజ్ పెట్టండి.

బండి ఆపగానే లైటు, కిలోమీటర్ల రీడింగ్ రెండూ పడేలా ఫోటో తీయండి. డిప్‌స్టిక్‌ది ఇంకోటి. లొకేషన్‌తో కలిపి వాట్సాప్‌లో పంపి రాయండి: "ఆయిల్ లైటు వచ్చింది, బండి ఆపాను, ఏం చేయమంటారు?" జవాబు ఫోన్లో చెబితే, "మీరు నడపమన్నారు" అని మీరే మళ్లీ మెసేజ్ చేయండి. నోటిమాట గాలికి పోతుంది, మెసేజ్ నిలబడుతుంది. అరబీలో రాసిన కాగితం మీద అర్థం తెలియకుండా సంతకం పెట్టకండి. జీతం కోస్తే మానవ వనరుల మంత్రిత్వ శాఖ 19911కి ఫోన్ చేయండి. వివాదం మొదట రాజీకి, అక్కడ తేలకపోతే లేబర్ కోర్టుకు వెళ్తుంది.

"ఆపితే ముదీర్ తిడతాడు, లోడ్ లేటవుతుంది, ఖురూజ్ కొట్టి పంపిస్తాడు" అనే భయం ఉత్తిది కాదు. జగిత్యాలలోనో నిజామాబాద్‌లోనో అప్పు తీరకుండా తిరుగు ప్రయాణం ఎవరు కోరుకుంటారు? అయినా తిట్టు ఒక పూట ఉంటుంది. ఇంజన్ బిల్లు నెలనెలా మీ జీతంలోంచి పోతుంది. పైగా మీరొక్కరే ఆపితే మొండివాడంటారు. క్యాంపులో డ్రైవర్లంతా ఇదే పద్ధతి పాటిస్తే అది కంపెనీలో రూలు అవుతుంది.

కంపెనీలను మనం అడగాల్సింది కూడా పెద్దదేమీ కాదు. ప్రతి బండికీ సర్వీసు రాసే పుస్తకం, బండిలో ఒక డబ్బా ఆయిల్, లైటు వెలిగితే ఎవరినీ అడగకుండా ఆపే అధికారం డ్రైవర్‌కు. ఇంజన్ మార్చే ఖర్చుతో పోలిస్తే ఇదెంత?

సీనియర్లు ఈ శుక్రవారం కొత్తగా వచ్చిన కుర్రాళ్లను బండి దగ్గరికి తీసుకెళ్లి డిప్‌స్టిక్ లాగి చూపించండి. లైసెన్స్ ఉన్నా చాలామందికి దాన్ని ఎలా చూడాలో ఎవరూ చెప్పలేదు.