నెట్‌లో పులి, మ్యాచ్‌లో పిల్లి

ఖరగ్‌పూర్ స్టేషను నుండి ఐ.ఐ.టి. వైపు వెళ్ళే దారిలో పూరీ గేట్ తగులుతుంది. ఒడిశా మీదుగా దక్షిణాదికి పోయే రైలుమార్గం అక్కడ దారికి అడ్డం వస్తుంది. ఆ పట్టాలు బాలాసోరు, కటకం, బరంపురం దాటి శ్రీకాకుళం రోడ్డుకు, విశాఖపట్నానికి చేరుతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి వేలాది తెలుగు కుటుంబాలు ఆ పట్టాల వెంటనే ఎదురు దిశలో వచ్చి, ఈ ఊరి వర్క్‌షాపులోను, బళ్ళ మీద, యార్డులలోను పనికి కుదిరి, ఇక్కడే స్థిరపడిపోయినాయి.

ఇటువంటి రైల్వే ఊళ్ళో ఆట అన్నది కేవలం కాలక్షేపం కాదు. క్రీడాకారుల కోటాలో రైల్వే ఉద్యోగం దొరుకుతుంది. తండ్రి ఖలాసీ అయినా, కొడుకు బంతిని బాగా కొట్టగలిగితే, లేక వంద మీటర్లు తొందరగా పరుగెత్తగలిగితే, ఆ ఇంటికి మరొక జీతం వచ్చే ఆశ ఉన్నది. అందుకు ఎంపిక పోటీ జరుగుతుంది. రెండు మూడు సంవత్సరాల శ్రమ ఆ ఒక్క ఉదయం మీద ఆధారపడుతుంది. అభ్యాసంలో ఎదురులేని కుర్రవాడు ఆ ఉదయం మొదటి బంతికే వికెట్టు పారేసుకొని తిరిగి వస్తాడు. గట్టు మీద నిలబడిన పెద్దలు ‘నెట్‌లో పులి, మ్యాచ్‌లో పిల్లి’ అని నవ్వుతారు. ఆ నవ్వుతో విచారణ ముగుస్తుంది. అయితే, పులి పిల్లిగా ఎట్లా మారింది, ఎందుకు మారింది అన్న ప్రశ్న మీదనే ఒక శాస్త్రం నిలబడి ఉన్నది. దానిని క్రీడా మనస్తత్వ శాస్త్రం అంటున్నారు.

అనువాదకునిగా నాకు ఒక సంగతి ఆసక్తి కలిగించింది. ముఖ్యమైన ఘట్టంలో ఆటగాడు చేతికి వచ్చిన పనిని చేయలేకపోవడాన్ని ఇంగ్లీషువారు గొంతు పట్టుకుపోవడంతో పోల్చి చెబుతారు. తెలుగువారు ‘కాలూ చెయ్యీ ఆడలేదు’ అంటారు. రెండింటిలో మన మాటే సత్యానికి దగ్గరగా ఉన్నదని నా అభిప్రాయం. ఎందుకంటే, శాస్త్రజ్ఞులు కనుగొన్నది సరిగ్గా అదే. భయం వేసినప్పుడు తెలివి పోదు. తెలివి అవసరానికి మించి పనిచేసి, కాలూ చెయ్యీ ఆడనివ్వదు.

ఇంగ్లండులో రిచర్డ్ మాస్టర్స్ అనే పరిశోధకుడు 1992లో ప్రచురించిన ప్రయోగం దీనిని చక్కగా చూపుతుంది. గోల్ఫు ఎరుగని వారిని కొందరిని చేర్చి, బంతిని గుంటలోకి దొర్లించడం అభ్యాసం చేయించాడు. ఒక వర్గానికి ఎట్లా నిలబడాలో, మణికట్టు ఎట్లా ఉంచాలో వివరంగా సూచనలిచ్చాడు. మరొక వర్గానికి సూచనలేమీ ఇవ్వక, బంతి కొడుతున్నంతసేపూ వేరొక పనిలో మనసును నిమగ్నం చేయించాడు. వారు ఏమి నేర్చుకున్నారో వారికే తెలియకుండా నేర్చుకున్నారు. చివరకు అందరినీ పరీక్షకు పెట్టి ఒత్తిడి కలిగించినప్పుడు, సూచనలు విన్నవారి ప్రగతి అక్కడే నిలిచిపోయింది. తెలియకుండా నేర్చుకున్నవారు మాత్రం ఆ ఒత్తిడిలోనూ మెరుగుపడుతూ వచ్చారు. భయం వేయగానే మొదటివారు తమకు తెలిసిన సూత్రాలన్నింటినీ తిరిగి నెమరువేసుకొని, అలవాటుగా సాగే చేతిని ఆపి ప్రశ్నించసాగినారన్నమాట. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తున్నామని ఆలోచిస్తే తడబడతామని ఎవరికి తెలియదు?

ఇక్కడ శిక్షకులు గమనించవలసినది ఒకటున్నది. బ్యాటు పట్టుకొని మైదానంలోకి పోయే కుర్రవాని వెంటపడి, ‘మోచెయ్యి పైకి, తల కదల్చకు, కాలు ముందుకు’ అని పది హెచ్చరికలు చేయడం సహాయమని చాలామంది అనుకుంటారు. ఆ పదీ అభ్యాసంలో చెప్పవలసినవి. ఆ క్షణంలో అవి వాని చేతికి బేడీలు.

ఈ ఊరితో సంబంధం ఉన్న మహేంద్రసింగ్ ధోనీ సంగతి చూడండి. 2001లో ఆగ్నేయ రైల్వేలో క్రీడాకారుల కోటాలో టికెట్ ఎగ్జామినరుగా చేరి, 2003 వరకు ఖరగ్‌పూర్‌లో పనిచేశాడు. సెర్సా స్టేడియంలో రైల్వే జట్టుకు ఆడాడు. 2004 డిసెంబరులో దేశపు జట్టులోకి వచ్చాడు. మొదటి నాలుగు ఒకరోజు పోటీలలో అతని పరుగులు 0, 12, 7, 3. తొలి ఆటలోనైతే ఎదుర్కొన్న మొదటి బంతికే రనౌటు. ఐదవది 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్తాను మీద. మూడవ స్థానంలో పంపితే 123 బంతులలో 148 పరుగులు చేశాడు. 2011 ఏప్రిల్ 2న, ప్రపంచ కప్పు ఫైనలులో, మూడు వికెట్లు పడిపోయిన స్థితిలో యువరాజ్ కంటె ముందు తానే దిగి 91 పరుగులతో అజేయంగా నిలిచి, సిక్సరుతో ఆట ముగించాడు.

చలనం లేనివాడని దేశమంతా చెప్పుకొనే ఈ మనిషి 2020లో ఒక సంస్థ కార్యక్రమంలో పలికిన మాటలు విశేషమైనవి. బ్యాటింగుకు వెళ్ళినప్పుడు మొదటి ఐదు పది బంతుల వరకు తన గుండె వేగంగా కొట్టుకుంటుందనీ, ఒత్తిడి తోస్తుందనీ, కొంచెం భయం కూడా ఉంటుందనీ అతడు చెప్పాడు. ఎవరికైనా అంతే అన్నాడు. మనసులో బలహీనత ఉన్నదని ఒప్పుకోవడానికి మన దేశంలో ఇంకా జంకుతారనీ, ఆ చిన్న విషయాన్ని ఆటగాడు తన కోచ్‌కు చెప్పలేకపోతున్నాడనీ కూడా అన్నాడు.

మన కుర్రవాళ్ళకు తెలియవలసినది ఇదే. ధోనీకి గుండె కొట్టుకోకపోవడం కాదు. కొట్టుకుంటున్న గుండెతోనే అతడు తరువాతి బంతిని చూడగలిగాడు. క్రీడా మనస్తత్వ శాస్త్రం భయాన్ని పోగొట్టే మంత్రమని కొందరి భ్రమ. అది అసలు ఆ పనికే పూనుకోదు. భయం ఉండగానే ధ్యాసను పని మీద ఎట్లా నిలపాలో నేర్పుతుంది. వాటిలో మొదటి ఉపాయం పూరీ గేట్ మీదుగా పోయే ప్రతి ఇంజనులోనూ అమలవుతున్నది.

రైలింజనులో ఇద్దరుంటారు. ఎదుట సిగ్నలు కనబడగానే ఒకరు దాని రంగును పైకి పలకాలి. రెండవవారు తాము చూసి, తిరిగి పలకాలి. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవారికి కూడా ఇది తప్పదు. జపాను రైల్వేలలో ఇంకొక అడుగు వేసి, సిగ్నలును వేలెత్తి చూపి మరీ పలుకుతారు. చూసేవారికి వింతగా ఉంటుంది గాని, అక్కడి రైల్వే పరిశోధన సంస్థ జరిపిన ప్రయోగంలో, మామూలుగా నూటికి రెండుకు పైగా దొర్లే పొరపాట్లు వేలు చూపి పలికినప్పుడు నూటికి అరకంటె తక్కువకు దిగిపోయినాయి. కన్ను, వేలు, నోరు, చెవి నాలుగూ ఒకే వస్తువు మీద నిలిచినప్పుడు మనసు మరొక చోటికి పోవడానికి దారి ఉండదు.

క్రీడాకారులు చేసే ‘స్వగతం’ కూడా ఇటువంటిదే. బంతి వేయబోయే ముందు బ్యాట్స్‌మన్ ‘బంతి చూడు’ అని లోలోపల అనుకోవడం, సర్వీసు చేసే ముందు టెన్నిసు ఆటగాడు బంతిని ప్రతిసారీ అన్నేసిసార్లే నేలకు కొట్టడం, ఇవి మూఢనమ్మకాలు కావు. ఈ విషయం మీద జరిగిన అధ్యయనాలను 2011లో గ్రీకు పరిశోధకులు క్రోడీకరించి చూడగా, ఇటువంటి స్వగతం వల్ల ఆట మెరుగుపడుతున్నదనీ, బలప్రదర్శన కంటె గురి, సున్నితం అవసరమైన పనులలో మేలు ఎక్కువనీ తేలింది. మాట చిన్నదిగా ఉండాలి. చేయవలసిన పనిని చెప్పాలి. ‘అవుట్ కాకు’ అన్నది పనికిరాదు. అది సిగ్నలు రంగు చెప్పడం కాదు, ప్రమాదాన్ని తలచుకోవడం.

ఆ తలపు అందరికీ ఒకే తీరున మారదు. హైదరాబాదులో పుల్లెల గోపీచంద్ శిక్షణలో పెరిగిన పి.వి. సింధు స్వతహాగా నెమ్మదైనది. ఆటలో ఉండవలసిన దూకుడు ఆమె ముఖంలో కనబడేది కాదు. అకాడెమీలో అందరూ చూస్తుండగా కోర్టు మధ్య నిలబడి గట్టిగా అరవమనీ, అరిచేదాకా రాకెట్టు ముట్టవద్దనీ గోపీచంద్ పట్టుపట్టిన సంగతి పత్రికలలో వచ్చింది. పైకి చూస్తే అది కాఠిన్యం. లోతుగా చూస్తే, పిల్ల స్వభావాన్ని ఏళ్ళ తరబడి ఎరిగిన గురువు ఎంచుకున్న సాధన. అదే అరుపును, సహజంగానే ఉద్రేకపడే మరొక ఆటగాని చేత చేయిస్తే కీడే జరిగేది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నారు. వానికి శ్వాస నెమ్మదించడం నేర్పాలి. ఒకే మందు అందరికీ పోసే శిక్షకుడు సగం మందిని పాడుచేస్తాడు.

తరువాతి కథ తెలిసినదే. 2016లో రియో ఒలింపిక్ ఫైనలులో సింధు ఓడింది. 2017లో గ్లాస్గోలో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనలులో, జపాను క్రీడాకారిణి నొజోమి ఒకుహరాతో 110 నిమిషాలు పోరాడి, మూడవ గేమును 20-22తో పోగొట్టుకొన్నది. 2018లో కామన్‌వెల్త్ క్రీడలు, ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఆసియా క్రీడలు మూడింటా ఫైనలు చేరి మూడింటా రజతమే. ఫైనలు అనగానే ఈ అమ్మాయికి గుండె జారుతుందని దేశంలో ప్రతివారూ మనస్తత్వ నిపుణులై తీర్పు చెప్పారు. 2019 ఆగస్టులో బాసెల్‌లో మళ్ళీ అదే ఫైనలు, అదే ఒకుహరా. 38 నిమిషాలలో 21-7, 21-7.

గుండె ధైర్యమే ఇంత మార్పు తెచ్చిందని నేను అనను. ఆటలోనూ మార్పులు వచ్చినాయి. ఆ రోజులలో కొరియా శిక్షకురాలు కిమ్ జీ హ్యున్ కూడా ఆమెతో పనిచేశారు. అసలు, ఫైనలుదాకా ఎదురైనవారినందరినీ ఓడించి వచ్చిన మనిషికి చివరి ఆటలో మాత్రం గుండె లేదనడం ఏ తర్కం? ఓటమి తరువాత మనసును నిందించడం మహా సులభం. 2000 సంవత్సరంలో సిడ్నీలో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 240 కిలోలతో కాంస్యం గెలిచింది. స్వర్ణ, రజతాలు పొందినవారు ఎత్తినది 242.5 కిలోలు. చివరి ప్రయత్నంలో ఆమె 130 నుండి ఒక్కసారిగా 137.5 కిలోలకు పోయి, ఎత్తలేకపోయింది. ఎత్తి ఉంటే స్వర్ణం. దానిని ధైర్యం చాలకపోవడమని ఎవరంటారు? అది సాహసించి వేసిన లెక్క. ఆ లెక్క వేసేటప్పుడు ఒత్తిడి లిఫ్టరు మీద ఎంతో, శిక్షకుని మీదా అంతే. నిపుణుడు శిక్షకుని మనసును కూడా చూడవలసి ఉంటుందని మనవారు తలచరు.

ఈ పనికి అంకితమైన నిపుణుల చరిత్ర చిన్నదేమీ కాదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్మన్ గ్రిఫిత్ 1925లోనే ఇందుకొక పరిశోధనశాల నడిపాడు. 1938లో షికాగో బేస్‌బాల్ జట్టు ఆయనను నియమించుకుంటే, జట్టు నాయకులు ఆయన సలహాలను పెడచెవిని పెట్టారు. మన దేశంలో పేరు వినబడినది ముఖ్యంగా పాడీ ఆప్టన్ వల్ల. ఈ దక్షిణాఫ్రికా నిపుణుడు 2008 నుండి 2011 ప్రపంచ కప్పు వరకు క్రికెట్ జట్టుతో ఉన్నాడు. మళ్ళీ 2024లో దొమ్మరాజు గుకేశ్ పక్షాన కనిపించాడు. చెన్నైలో పెరిగిన ఈ తెలుగు కుర్రవాడు సింగపూర్‌లో చదరంగ ప్రపంచ పోటీకి కూర్చున్నప్పుడు అతని వయసు పద్ధెనిమిది. డింగ్ లిరెన్ చేతిలో మొదటి ఆటే ఓడాడు. మూడవది గెలిచాడు. పదకొండవది గెలిచి ముందంజ వేసిన మరునాడే పన్నెండవది ఓడి, మళ్ళీ మొదటికి వచ్చాడు. అక్కడ చాలామంది కుప్పకూలుతారు. పద్నాలుగవ ఆట గెలిచి, 7.5-6.5తో ప్రపంచ విజేత అయినాడు. నిన్నటి ఆటను నేటి బల్ల మీదికి తేకపోవడం ఒక విద్య. ఎత్తులు వేసినది గుకేశే. కాని ఆప్టన్ సాయాన్ని అతడు దాచుకోలేదు.

ఖరగ్‌పూర్ మైదానాలకు ఆప్టన్ రాడు. వచ్చినా పదిహేను రోజులుండి పోయే నిపుణునివల్ల ప్రయోజనం తక్కువనీ, ఆటగానిని నిత్యం చూసేవాడు కావాలనీ ధోనీయే అన్నాడు. నిత్యం చూసేవాడు శిక్షకుడే. అతడు చేయగలిగినవి ఖర్చులేని పనులు. అభ్యాసం చివర ‘ఆరు బంతులు, పది పరుగులు, అందరూ చూస్తారు’ అని పందెం పెట్టి, ఎంపిక నాటి దడను ముందే పరిచయం చేయవచ్చు. బంతికీ బంతికీ మధ్య ఒక శ్వాస, ఒక మాట అలవాటు చేయవచ్చు. తప్పు చేసి వచ్చినవానిని నలుగురిలో తిట్టకుండా ఉండవచ్చు.

ఈ చివరిదానికి ప్రమాణం ఉన్నది. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మాల్ 1970ల నుండి పిల్లల బేస్‌బాల్ కోచ్‌లను మైదానంలోనే పరిశీలించారు. కొందరు కోచ్‌లకు, మంచి ఆటనూ ప్రయత్నాన్నీ మెచ్చుకోవడం, తప్పు జరిగినప్పుడు ధైర్యం చెప్పి దిద్దడం, శిక్షించకపోవడం నేర్పారు. 1992లో వెలువడిన ఫలితాల ప్రకారం, గెలుపోటముల లెక్కలో ఆ కోచ్‌ల జట్లకూ, తక్కిన జట్లకూ తేడా లేదు. మరుసటి సంవత్సరం ఆట మానివేసిన పిల్లలు మాత్రం మామూలు కోచ్‌ల కింద నూటికి 26. నేర్చుకున్న కోచ్‌ల కింద నూటికి 5. ఆ కోచ్‌లకు ఇచ్చిన శిక్షణ రెండున్నర గంటలు.