గొప్ప చెప్పుకునే తీరు

కొడుకు పట్టా పుచ్చుకున్నా, మనవరాలు స్టేజీ మీద నాట్యం చేసినా ఇప్పుడు ఫొటో కింద రెండే మాటలు: ప్రౌడ్ మూమెంట్. కథల పోటీలో ప్రోత్సాహక బహుమతి వచ్చినా అవే. మా పత్రికకు అందే పుస్తకావిష్కరణ వార్తల్లోనూ అవే. ఇంగ్లిషు మాట దొర్లిందని మా బాధ కాదు. బస్సూ కాఫీ ఏనాడో మనవైపోయాయి. ఈ మాట మనకెందుకింత అక్కరకొస్తోందన్నదే ఆలోచించాల్సిన సంగతి.

మన ఇళ్లలో సొంత గొప్ప నేరుగా చెప్పుకోవడం మర్యాద కాదు. "మీవాడికి మంచి ర్యాంకొచ్చిందటగా వదినా?" అని పక్కింటావిడ అడిగితే, "ఏదోలే వదినా, దేవుడి దయ. అన్నమే సరిగ్గా తినడు" అని జవాబు. ఆవిడ గుమ్మం దాటగానే పిల్లాడికి ఉప్పూ మిరపకాయలతో దిష్టి. గర్వం లేక కాదు; అది ఎదుటివాళ్ల నోట రావాలి, మనం వద్దొద్దంటూ వినాలి. సుమతీ శతకకారుడూ పుత్రోత్సాహానికి ముహూర్తం అక్కడే పెట్టాడు: కొడుకు పుట్టినప్పుడు కాదు, జనం వాణ్ని మెచ్చుకున్నప్పుడు.

'ప్రౌడ్ మూమెంట్' ఆ మొహమాటాన్ని తప్పించింది. ఎవరికి గర్వంగా ఉందో అందులో ఉండదు. గొప్ప చెప్పుకున్నట్టూ ఉంటుంది, చెప్పుకోనట్టూ ఉంటుంది. దిష్టికి ఇంగ్లిషు రాదని మన ధీమా కాబోలు! అమ్మలకు ఆ వెసులుబాటు ఉండనిద్దాం. ఏళ్ల తరబడి చాకిరీ చేసిన మనిషి ఒక పూట మురిసిపోతే తప్పుపట్టడానికి మేమెవరం?

సాహిత్యంలో మాత్రం వేరే పద్ధతి ఉండేది. జంట కవులైన తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచారు. సంస్కృతంలోనూ తెలుగులోనూ తామే కవులమని చాటడానికే అవి, గెలిచినవారుంటే తీసేసి మొక్కుతామని పద్యంలోనే పందెం కాశారు. అచ్చంగా గర్వమే. కానీ దాని వెనక శతావధానం ఉంది. నూరుమంది పృచ్ఛకులు తలా ఒకటి అడుగుతారు. ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చొప్పున చెప్పుకుంటూ పోయి, చివర పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. తడబడితే నిండు సభలో పరువు పోతుంది. ఆ మీసానికి అంత పూచీ ఉంది.

ఇప్పటి మన గర్వానికి అలాంటి పూచీ ఉందా? 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. 2023లో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చింది. పాట రాసిన చంద్రబోస్ చేతిలో ఆ బొమ్మ చూసి మేమూ ఉప్పొంగిపోయాం. అయితే ఆ రోజు ప్రౌడ్ మూమెంట్ అన్నవాళ్లలో ఎంతమంది ఆ పాట సాహిత్యాన్ని నింపాదిగా చదివారు? జొన్నరొట్టె, మిరపతొక్కు అందులో అంత బాగా ఎందుకు అతికాయో ఎవరితోనైనా మాట్లాడారా? ప్రాచీన హోదా సంగతీ అంతే. దానికి చప్పట్లు కొట్టిన చాలా ఇళ్లలో పిల్లలకు గుణింతం రాదు. అక్కడ ఆ రెండు మాటలూ పని ఎగ్గొట్టడానికే పనికొచ్చాయి.

పాఠకులకూ రచయితలకూ ఒక మనవి. పాపకు పద్యాల పోటీలో బహుమతి వచ్చిందని మాకు రాసేటప్పుడు ఆ రెండు మాటలూ వదిలేయండి. ఏ పద్యం చదివింది, ఎవరు నేర్పారు, ఎక్కడ తడబడి ఎలా సర్దుకుంది, అది రాయండి. అర పేజీ అయినా సరే, వేస్తాం.