లక్షల వ్యూస్‌తో హోటల్ నిండదు

హోటల్ పెట్టబోయేవారికి ఇవాళ అందే సలహాల్లో వంట మాస్టర్ గురించో, అద్దె గురించో ఉండే మాట వెనక్కి పోయింది. ప్రారంభోత్సవానికి ఏ ఫుడ్ వ్లాగర్‌ను పిలుస్తున్నారు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఎవరు చూసుకుంటారు, గూగుల్‌లో వంద రివ్యూలు ఎప్పటికి పడతాయి అన్న ప్రశ్నలు ముందుకొచ్చాయి. ఎంత ఎక్కువమందికి కనిపిస్తే అంత వ్యాపారం అన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. వ్యూస్‌నూ ఫాలోయర్లనూ ప్యాకేజీలుగా అమ్మేవారికి ఆ నమ్మకమే పెట్టుబడి. టిఫిన్ సెంటర్ నడిపేవారు కూడా పక్కవాడు చేస్తున్నాడు కాబట్టి మనమూ చేయకపోతే ఎలా అన్న భయంతో నెలనెలా డబ్బు కడుతున్నారు. ఈ నమ్మకం తప్పని నా వాదన. ఆన్‌లైన్‌లో కనిపించాల్సిందే, అందులో అనుమానం లేదు. ఎవరికి, ఏ వేళకి, ఏ సమాచారంతో కనిపించాలన్నది వదిలేసి అంకెల వెంట పడడమే చిన్న హోటళ్లను దెబ్బతీస్తోంది.

హోటల్ వ్యాపారానికి రెండు హద్దులున్నాయి: కుర్చీలు, దూరం. నలభై కుర్చీల మెస్సులో మధ్యాహ్నం మూడు బంతులు లేస్తే నూట ఇరవై మంది తింటారు. వంటింట్లో పొయ్యిలు ఎన్నో, సప్లయర్లు ఎందరో, అన్నం ఎన్ని కిలోలు వార్చగలరో దాన్ని బట్టే ఆ లెక్క. ఆ మెస్సు రీల్‌ను ఐదు లక్షల మంది చూశారనుకుందాం. వారిలో చాలామంది వేరే ఊళ్లలో, వేరే రాష్ట్రాల్లో ఉంటారు, రాత్రి నిద్రపట్టక ఫోన్ చూస్తూ ఉంటారు. వారికి ఆ క్షణాన ఆకలి లేదు, ఆ ఊరు వచ్చే పనీ లేదు. అదే మెస్సుకు కిలోమీటరు దూరంలో ఆఫీసు నుంచి బయటికొచ్చిన మనిషి ‘దగ్గర్లో ఆంధ్రా భోజనం’ అని వెతుకుతాడు. అతనికి ఆకలి ఉంది, జేబులో డబ్బుంది, చేతిలో అరగంట ఉంది. రీల్ చూసేవాడిని ఎవరో ఆపి చూపించాలి. వెతికేవాడు తానే అడుగుతున్నాడు. అడిగిన మనిషికి సరైన జవాబు దొరకని చోట అడగనివారి కోసం డబ్బు ఖర్చుపెట్టడం వ్యాపారం తెలిసిన పని అనిపించుకోదు.

ఆ జవాబు ఎలా తయారవుతుందో గూగుల్ దాచిపెట్టలేదు. దగ్గర్లోని వ్యాపారాలను చూపేటప్పుడు ప్రధానంగా మూడింటిని లెక్కలోకి తీసుకుంటామని తన సహాయ పేజీల్లోనే చెప్పింది: వెతికిన మాటకూ ఆ వ్యాపారానికీ ఉన్న పొంతన, వెతికే మనిషి ఉన్న చోటు నుంచి దూరం, ఆ వ్యాపారానికున్న పేరు. డబ్బు కట్టి ఈ వరుసలో పైకి రావడం కుదరదని కూడా అక్కడే రాసింది. ప్రకటనల చోటు వేరు, దానికి ప్రకటన అన్న గుర్తు ఉంటుంది. దూరం యజమాని చేతిలో లేదు. పేరు ఏళ్ల తరబడి వండి పెడితే వస్తుంది. పొంతన మాత్రం ఈ సాయంత్రమే సరిచేసుకోవచ్చు, దానికయ్యే ఖర్చు సున్నా, ఎందుకంటే గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. చిన్న హోటళ్లు నిర్లక్ష్యం చేసేది సరిగ్గా దీన్నే. ఎత్తని ఫోన్ నంబరు, ఖాళీ చేసిన పాత చిరునామా, ఏ కస్టమరో పెట్టిన మసక మెనూ ఫోటోలో ఎప్పటివో ధరలు, ఇడ్లీ దోసెలకు పేరుబడ్డ చోటికి ఉత్త ‘రెస్టారెంట్’ అన్న విభాగం. ఆదివారం సెలవైనా తెరిచే ఉందని చూపిస్తుంది. రంజాన్ నెలలో హైదరాబాద్ హలీం హోటళ్ల వేళలు మొత్తం మారిపోతాయి, ప్రొఫైల్‌లో మారవు. నాంపల్లి రామ్ కీ బండి లాంటి చోటికి తెల్లవారకముందే వేడి దోసె దొరకడమే గుర్తింపు, అక్కడ వేళ తప్పితే సమాచారమంతా తప్పినట్టే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చి పేరు పెట్టుకున్న హోటళ్లు నగరమంతటా ఉన్నాయి, అమెరికాలోనూ ఉన్నాయి. పేరును ఇందరు పంచుకున్నప్పుడు మ్యాప్‌లో చుక్క సరైన చోట ఉండడం కంటే ముఖ్యమైన ప్రచారం ఏముంటుంది? దీనికి బదులు ప్యాకేజీవాళ్లు ఇచ్చే ఉపాయం ఒకటుంది. హోటల్ పేరు పక్కన ‘బెస్ట్ బిర్యానీ ఇన్ హైదరాబాద్’ అని తగిలించడం. బోర్డు మీద లేని మాటను పేరులో చేర్చడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్‌నే నిలిపివేసే అవకాశం ఉంది. ఆ నష్టం ఉపాయం చెప్పినవారిది కాదు, యజమానిది.

ఇంత చెప్పినా ఎదుటివారి దగ్గర ఒక బలమైన ఉదాహరణ ఉంది: మాదాపూర్ కుమారి ఆంటీ. రోడ్డు పక్కన భోజనం అమ్ముకునే మనిషిని వీడియోలు రాష్ట్రమంతటికీ పరిచయం చేశాయి కదా అంటారు. నిజమే. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. జనం విరగబడి రోడ్డు స్తంభించింది, 2024 జనవరిలో ట్రాఫిక్ పోలీసులు ఆ బండిని అక్కడ పెట్టవద్దన్నారు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుంటే తప్ప అది కొనసాగలేదు. ఎంత రుచిగా వండినా అందరి కోసం ముఖ్యమంత్రి జోక్యం చేసుకోరు. ఢిల్లీ మాళవీయ నగర్ బాబా కా ధాబా కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2020 అక్టోబర్‌లో ఒక వీడియో చూసి నగరమంతా అక్కడికి కదిలింది. ఆ ఊపులో డిసెంబర్‌లో కొత్త రెస్టారెంట్ తెరిచారు. అద్దె, జీతాలు, సరుకుల ఖర్చుకు అమ్మకాలు సరిపోక 2021 ఫిబ్రవరికే అది మూతపడింది, మళ్లీ పాత ధాబా దగ్గరికే వచ్చారు. వీడియో తెచ్చిన జనం సానుభూతితోనో కుతూహలంతోనో ఒకసారి వచ్చారు. హోటల్‌ను నిలబెట్టేది వారానికి రెండుసార్లు వచ్చే మనిషి. రెండేళ్ల అద్దెకు సంతకం పెట్టేటప్పుడు ఆ తేడా తెలియాలి.

స్టార్ల సంగతేమిటని అడుగుతారు. రేటింగ్ పెరిగితే ఆదాయం పెరుగుతుందని పరిశోధనలే చెబుతున్నాయి కాబట్టి ఎలాగోలా రేటింగ్ పెంచుకోవడం తప్పెలా అవుతుందన్నది ఆ వాదన. అప్పట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఉన్న మైకేల్ లూకా 2011లో వెలువరించిన అధ్యయనం అలాంటిదే. సియాటిల్ రెస్టారెంట్ల లెక్కలు చూసి, యెల్ప్ అనే రివ్యూల సైట్‌లో ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని ఆయన తేల్చారు. అయితే అదే అధ్యయనంలో ఇంకో ఫలితం ఉంది, దాన్ని ఎవరూ ప్రస్తావించరు. ఆ ప్రభావం సొంతంగా నడిచే హోటళ్లకే పరిమితం, గొలుసు హోటళ్ల మీద కనిపించలేదు. గొలుసు హోటల్లో ఏం దొరుకుతుందో జనానికి ముందే తెలుసు, తెలియని హోటల్ విషయంలోనే తోటి మనిషి మాట మీద ఆధారపడతారు. అంటే ఆ స్టార్‌కు విలువ తెచ్చింది నమ్మకం. నమ్మకాన్ని కొనుక్కున్న రివ్యూలతో కల్తీ చేస్తే ముందుగా నష్టపోయేది, దాని మీదే బతికే చిన్న హోటలే. తర్వాత జెర్వాస్ అనే పరిశోధకుడితో కలిసి లూకా బోస్టన్ రెస్టారెంట్లను పరిశీలించినప్పుడు, యెల్ప్ అనుమానించి పక్కకు తీసిన రివ్యూలు దాదాపు 16 శాతం ఉన్నాయి. ఈ దారి ఎక్కడికి పోతుందో 2017లో లండన్ చూసింది. ఊబా బట్లర్ అనే రచయిత తన ఇంటి వెనుక పాకను రెస్టారెంట్‌గా నమోదు చేసి, షేవింగ్ ఫోమ్ వంటివాటితో వంటకాల ఫోటోలు తీసి, స్నేహితులతో రివ్యూలు రాయించి, ట్రిప్ అడ్వైజర్‌లో లండన్‌లోనే మొదటి స్థానానికి చేర్చాడు. అక్కడ హోటలే లేదు.

మన దగ్గరా ప్రభుత్వం మేల్కొంది. ఆన్‌లైన్ రివ్యూల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 తెచ్చింది, అయితే దాన్ని పాటించడం సంస్థల ఇష్టానికే వదిలేశారు, అది లోపమే. డబ్బో భోజనమో తీసుకుని పొగిడేవారు ఆ సంగతి చూసేవారికి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారైతే 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. కొలాబ్ పేరుతో జరిగే వీడియోల్లో ఈ నియమం ఎంతమేరకు పాటిస్తున్నారో చూసేవారందరికీ తెలుసు.

పక్కవాడు మోసం చేస్తుంటే నేనొక్కడినే నిజాయితీగా ఉండి నష్టపోవాలా అన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేను, అది బతుకుతెరువు ప్రశ్న. కానీ కొన్న రివ్యూ ఒక్కసారి మనిషిని లోపలికి తెస్తుంది, సాంబారు అతన్ని రెండోసారి తేవాలి. నాలుగున్నర స్టార్లు చూసి వచ్చి చప్పిడి బిర్యానీ తిన్నవాడు కోపంతో రాసే మాటను ఏ ప్యాకేజీ తుడిచేయలేదు. పైగా ఇప్పుడు వంటగదే ఆన్‌లైన్‌కు ఎక్కింది. 2024లో తెలంగాణ ఆహార భద్రతా విభాగం హోటళ్ల తనిఖీల వివరాలను ఎక్స్‌లో పెట్టడం మొదలుపెట్టాక, గడువు తీరిన సరుకులు, మూతల్లేని గిన్నెలు అందరికీ కనిపించాయి. రీల్స్ మీద పెట్టే డబ్బు ఆ వంటగదిలో పెట్టి ఉంటే ఆ పోస్టులే వచ్చేవి కావు. కొత్తగా తెరిచిన హోటల్‌కు మొదట్లో కాస్త చప్పుడు అవసరమని ఒప్పుకుంటాను. ఆ చప్పుడు చుట్టుపక్కల కాలనీలకు, ఆఫీసులకు, హాస్టళ్లకు వినిపిస్తే చాలు. ఆఫీసు వాట్సాప్ గ్రూపూ, అపార్ట్‌మెంట్ గ్రూపూ చేసే పని లక్ష మంది ఫాలోయర్లున్న వ్లాగర్ చేయలేడు.

ఇక డెలివరీ యాప్‌లలో పైన కనిపించడానికి కట్టే ప్రకటనల సొమ్ము అద్దె లాంటిది, ఆపిన రోజే చోటు పోతుంది. కమీషన్ మీద, డిస్కౌంట్ల మీద దీన్నీ కడుతూ పోతే ప్లేటు మీద మిగిలేది తగ్గుతూ వస్తుంది, చివరికి కోత నూనె నాణ్యత మీద పడుతుంది. జాతీయ రెస్టారెంట్ల సంఘం ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2022 ఏప్రిల్‌లో జొమాటో, స్విగ్గీలపై విచారణకు ఆదేశించిందంటే ఆ ఇబ్బంది ఎంత దూరం పోయిందో అర్థమవుతుంది.

కాబట్టి హోటల్ యజమానులకు నా విజ్ఞప్తి ఇది. వచ్చే నెల ప్యాకేజీ డబ్బు కట్టే ముందు ఒక కస్టమర్‌లా మీ హోటల్‌ను ఫోన్‌లో వెతకండి. వేళలు, నంబరు, ధరలు, మ్యాప్‌లో చోటు ఈ రోజువేనా చూడండి. మెనూను ఫోటోగా వదిలేయకుండా తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ అక్షరాల్లో పెట్టండి, మీ వంటకాలను మీ వెలుగులోనే ఫోటో తీయండి. తిట్టిన రివ్యూకు మర్యాదగా జవాబు రాయండి, అందులో నిజముంటే వంటింట్లో సరిదిద్దండి. ఈ పని ఇంట్లో చదువుకునే పిల్లలు ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. తినేవారు కూడా ఒక పని చేయాలి: నచ్చిన చిన్న హోటల్ గురించి, ఎవరూ అడగకపోయినా, ఏం తిన్నారో ఎంతైందో నాలుగు నిజమైన వాక్యాలు రాయండి.