మూతిని కప్పని మూత

మా కోడలు పాకెట్ పాలు మానేసి గాజు సీసా పాలకు మారి ఏడాదిన్నర అవుతోంది. తెల్లవారి అయిదింటికల్లా నాలుగో అంతస్తులో మా తలుపు గొళ్ళేనికి వేలాడే గుడ్డసంచిలో సీసా ఉంటుంది. సీసా మీద గడ్డి మేస్తున్న ఆవు బొమ్మ. లీటరు 110 రూపాయలు. పాలు బాగానే ఉంటాయి, కాదనను. కాచి చల్లారిస్తే మీగడ దిబ్బరొట్టెలా లేస్తుంది. నా పేచీ పాలతో కాదు, ఆవుతో అసలే కాదు. మూతతో.

తెల్లటి ప్లాస్టిక్ మూత అది. నొక్కితే టక్కున కూర్చుంటుంది, బొటనవేలితో ఎగదోస్తే టప్పున ఊడుతుంది. ఎన్నిసార్లు తీసి పెట్టినా తీసిన ఆనవాలు ఉండదు. మొన్న శ్రావణంలో ఒకరోజు నాకు కొంటెబుద్ధి పుట్టింది. ఇంట్లో అందరికంటే ముందు లేచేది నేనే కదా. సంచిలోంచి సీసా తీసి, ఒక గ్లాసెడు పాలు వంచేసుకుని, ఫిల్టర్ నీళ్ళు ఒక గ్లాసు పోసి, మూత నొక్కి, మళ్ళీ గొళ్ళేనికే తగిలించాను. ఏడింటికి కోడలు కాఫీ కలుపుతూ, "అత్తయ్యా, ఇవాళ పాలు పలచగా లేవూ?" అంది. ఆ తర్వాత తనే, "వానలకి ఆవులు పచ్చగడ్డి ఎక్కువ తింటున్నట్టున్నాయి" అని సరిపెట్టుకుంది. ఆవుని అనుమానించింది గాని మూతని అనుమానించలేదు. నేను చేసిన పని చెప్పాక రెండు రోజులు నాతో ముభావంగా ఉందనుకోండి.

ఇదంతా ముసలితనపు చాదస్తం అనుకోవద్దు. 1976 నుంచి 2012 దాకా ఒక డెయిరీ లేబొరేటరీలో పనిచేసినదాన్ని. నేను చేరేనాటికి సీసాల కాలమే. తర్వాత పాకెట్లొచ్చి సీసాలు గోడౌన్ మూలకు చేరాయి. సీసాలకు రేకు మూతలు బిగించే మెషీను మా లేబొరేటరీ కిటికీలోంచి కనిపించేది. అల్యూమినియం రేకు చుట్ట పైనుంచి దిగుతుంటే, అచ్చు దాన్ని గుండ్రంగా కోసి సీసా మూతి మీద పెట్టేది. ఆ వెంటనే ఇంకో భాగం దిగి, అంచుల్ని చీర కుచ్చెళ్ళలా ముడిచి సీసా మెడకు అదిమేది. రేకు మందం వెంట్రుకంత. మూతలు కోసేయగా మిగిలిన చిల్లుల పట్టీని మా ప్యూను చుట్టి ఇంటికి పట్టుకెళ్ళేవాడు. డిసెంబరులో వాళ్ళింటి ముందు క్రిస్మస్ నక్షత్రం దానితోనే మెరిసేది.

ఆ కుచ్చెళ్ళలోనే ఉంది కిటుకంతా. రేకు మూత సీసా మూతిలోకి దూరదు, మూతిని మొత్తంగా కప్పుతుంది. పాలు వంచేటప్పుడు ఏ అంచు మీంచి జారతాయో ఆ అంచు మన ఇంటికొచ్చేదాకా ఎవరి చేతికీ, ఏ ఈగకూ, ఏ దుమ్ముకూ తగలదు. ఇక రెండోది: తీశామంటే చినుగుతుంది, నలుగుతుంది, మళ్ళీ మొదటిలా కూర్చోదు. పాలసీసా మూతకు ఈ రెండు లక్షణాలూ ఉంటే చాలు. మా కోడలు తెప్పించే సీసా మూతకు రెండూ లేవు. లోపలికి దిగే బిరడా అది. సీసా అంచు బయటే ఉంటుంది, బట్వాడా కుర్రాడి వేళ్ళు పట్టుకునేది సరిగ్గా అక్కడే.

ఈ సంగతి లోకం తెలుసుకోవడానికి చాలా ఏళ్ళే పట్టింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం పాట్స్‌డామ్ ఊళ్ళో మందుల వ్యాపారం చేసే హార్వీ థాచర్ 1884లో పాల కోసమని ఒక సీసా తెచ్చాడు. వీధిలో పాలవాడు బారుమూతి కేనులోంచి గరిటెతో పాలు పోస్తుంటే, ఒక పిల్ల చేతిలోని మురికి గుడ్డబొమ్మ ఆ కేనులో పడిందనీ, పాలవాడు దాన్ని తీసి దులిపి ఇచ్చి అవే పాలు పోశాడనీ, అది చూసి థాచర్‌కి ఈ ఆలోచన వచ్చిందనీ కథ చెబుతారు. కథ నిజమో కాదో గాని అలాంటి కేనులు నేను బోలెడు చూశాను. 1889లో అదే ఊళ్ళో బార్న్‌హార్ట్ ఇంటిపేరున్న ఇద్దరు సీసా మూతి లోపల ఒక మెట్టు చెక్కించి, మైనం పట్టించిన అట్టబిళ్ళ ఆ మెట్టు మీద కూర్చునేలా చేశారు. చవక, తేలిక. దేశమంతా పాకిపోయింది. కాని బిళ్ళ మూతి లోపల ఉంది, అంచు బయట ఉంది. బిళ్ళ మీద నాలుగు చుక్కల పాలు నిలిస్తే దుమ్మూ ఈగలూ అక్కడే. తీయాలంటే గోరు పెట్టి పీకాలి, లేదా బొటనవేలితో లోపలికి నొక్కాలి. నొక్కితే ఏమవుతుంది? బిళ్ళా, దాని మీది మురికీ, బొటనవేలూ కలిసి పాలలో మునుగుతాయి. తర్వాతి వాళ్ళు అంచును కూడా కప్పే గొడుగు మూతలు తెచ్చింది అందుకే. స్వీడన్‌లో లిన్‌షోపింగ్‌కి చెందిన యోసెఫ్ యోన్సన్ 1914లో అల్యూమినియం రేకు మూతను కనిపెట్టాడు. మా కిటికీలోంచి నేను చూసింది దాని సంతతినే.

రేకుకు లోపం లేదని కాదు. ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర స్వేత్లింగ్ అనే చోట 1921లోనే చిన్న పిట్టలు గుమ్మంలో పెట్టిన పాలసీసాల అట్టమూతల్ని ఊడదీసి మీగడ తాగడం జనం గమనించారు. రేకు మూతలొచ్చాక వాటికి పొడవడం ఇంకా సులువైంది. ఒక పిట్టకు తెలిసిన విద్య దేశమంతటి పిట్టలకూ ఎలా అబ్బిందని ఫిషర్, హైండ్ అనే ఇద్దరు 1949లో ఏకంగా పరిశోధన పత్రమే రాశారు. మా సీసాలకు పిట్టలు కాదు, కాకులు. కాకి పొడిచిన రేకు మాత్రం నన్ను కాకి పొడిచిందని మొహం మీదే చెబుతుంది. గృహిణి ఆ సీసా పక్కన పెట్టేస్తుంది.

మూత సరిగా కూర్చోకపోతే ఏమవుతుందో నాకు నేర్పింది మాత్రం పుస్తకం కాదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఆషాఢం. ఒకే పేట నుంచి పాలు విరుగుతున్నాయని వరసగా ఫిర్యాదులు. ట్యాంకులోని నమూనా పరీక్షిస్తే ఫాస్ఫటేజ్ పరీక్ష నెగ్గింది. అంటే పాలు 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు సరిగ్గానే కాగాయి. సీసాలోని నమూనాలో మాత్రం కోలిఫాం కనిపించింది. ఆ సూక్ష్మజీవులు ఆ వేడికి బతకవు. కాచిన తర్వాతే ఎక్కడో చేరాయన్నమాట. సీసాలు కడిగే మెషీనును అనుమానించాం. కాస్టిక్ సోడా పాళ్ళు సరిగానే ఉన్నాయి, కడిగిన సీసాలు శుభ్రంగానే ఉన్నాయి. నాలుగు రోజులు బుర్ర పాడైంది.

చివరికి మా సీనియర్ కెమిస్టు గారు ఒక పని చేశారు. బకెట్లో ఐసునీళ్ళు పోసి, లేబొరేటరీలో ఎప్పుడూ ఉండే మిథిలీన్ బ్లూ అందులో కలిపి, మూతలేసిన సీసాలు పన్నెండు మెడ మునిగేలా పెట్టించారు. గంట తర్వాత తీసి తుడిచి మూతలు విప్పితే, మూడింటిలో పాలు లేతనీలంగా ఉన్నాయి. కడిగిన సీసా వెచ్చగా ఉంటుంది. పాలు పోసి మూతేసి చల్లబెడితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి లాగుతుంది. మూత బిగువుగా ఉంటే లాగడానికి దారి లేదు. వదులుగా ఉంటే పైన ఏముందో అదే లోపలికి. వ్యానులో క్రేట్ల మీద ఐసుగడ్డలు పేర్చేవాళ్ళం. ఆ కరిగిన నీళ్ళే పాలలోకి పోయాయి. మూతలు అదిమే తలల్లో ఒకదాని రబ్బరు అరిగిపోయింది, అంతే. అరచెయ్యంత రబ్బరు ముక్క మారిస్తే ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆ నీలం పాలు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి.

ఇప్పుడు గాజు సీసాల్లో పాలమ్మేవాళ్ళు ఆవు జాతి చెబుతారు, అది తినే మేత చెబుతారు, ఆవు వినే సంగీతం కూడా చెబుతారు. ఏ2 పాలని గొప్పగా రాస్తారు. ఆ మాట తీసేయమని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2024 ఆగస్టులో చెప్పి, అయిదారు రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. ఆ గొడవ నాకొద్దు. మూత గురించి మాత్రం ఒక్కరూ చెప్పరు. మా సీసా కంపెనీకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి, "మేడమ్, మా డెలివరీ బాయ్స్ అలాంటివాళ్ళు కాదు" అంది. అమ్మా, నేను అన్నది కుర్రాడి గుణం గురించి కాదు. వాడు మంచివాడని నాకూ తెలుసు, పండక్కి అరిసెలు కూడా ఇస్తాను. వాడి మంచితనం మీద కాకుండా ఒక రేకు ముక్క మీద భారం వేయమంటున్నాను. అది వాడికీ మేలే. రేపు పాలు పలచగా ఉంటే నింద ముందు పడేది వాడి మీదే కదా.

కల్తీ భయాన్ని నేను పెంచాలనుకోవడం లేదు. వాట్సాప్‌లో తిరిగే యూరియా పాలు, డిటర్జెంట్ పాలు ఊరూరా ఉన్నాయన్న మాట నిజం కాదు. ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతటా 6,432 నమూనాలు పరీక్షిస్తే ఆరోగ్యానికి హాని చేసే కల్తీ దొరికింది పన్నెండింటిలోనే. ఆ పన్నెండులో తొమ్మిది మన తెలంగాణవి కావడం వేరే సిగ్గు. అదే సర్వేలో వందకు అయిదారు నమూనాల్లో అఫ్లటాక్సిన్ మోతాదు మించి కనిపించింది. అది బూజు పట్టిన దాణా నుంచి పాలలోకి వచ్చే విషం. దాన్ని ఏ మూతా ఆపలేదు. పొలం దగ్గర జరిగిన తప్పును మూత దిద్దలేదని నేనే ముందు ఒప్పుకుంటాను. డెయిరీ గేటు దాటాక జరిగేదానికే అది కాపలా.

ఇక ఖర్చు మాట, పర్యావరణం మాట. రోజుకో మూత పారేయడం దండగ, ప్లాస్టిక్ మూత అయితే కడిగి మళ్ళీ వాడతామంటారు. లెక్క వేసి చూడండి. ఒక రేకు మూత పావు గ్రాము చుట్టూ తూగుతుంది. కరిగిస్తే మళ్ళీ అల్యూమినియమే. సీసాతో పాటు నలిపిన రేకును కూడా సంచిలో వెనక్కి పంపితే తీసుకోవడానికి కంపెనీకేం నొప్పి? ఇంగ్లండులో 1964లో పిల్లల టీవీ కార్యక్రమం ఒకటి వెండి కాగితాలూ పాలమూతలూ పోగు చేయించి, ఆ డబ్బుతో అంధులకు దారి చూపే కుక్కపిల్లను కొనిచ్చింది. మన పిల్లలు అంతకు తక్కువేం కాదు. కడిగి వాడే ప్లాస్టిక్ మూతకు లోపలి వైపు ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో బ్రష్షు దూరదు. మా సీసా మూతను నేను అగ్గిపుల్లతో గీకి చూశాను. వచ్చిందేమిటో భోజనాల వేళ రాయడం భావ్యం కాదు.

ఇంకొకటి. పాత రేకుల మీద రంగులుండేవి. వెన్న ఎక్కువున్న పాలకు ఒక రంగు, టోన్డ్ పాలకు ఇంకొకటి. మా అమ్మకు అక్షరాలు రావు గాని బూత్ దగ్గర రంగు చూసి సీసా తీసుకునేది. ఒక్కసారి కూడా పొరబడలేదు. ఇప్పటి సీసాకు తేదీ కాగితం పొట్ట మీద అంటించి ఉంటుంది, ఫ్రిజ్ చెమ్మకు సగం ఊడుతుంది. తేదీ మూత మీద ఉండాలి. తీసినప్పుడు మూతతో పాటే చిరగాలి. అప్పుడు నిన్నటి సీసా ఇవాళ్టిది కాలేదు.

ఇవన్నీ తెలుగులోనే వివరంగా రాసి కంపెనీకి ఉత్తరం పంపాను. రెండు నెలలైనా జవాబు రాలేదు గాని, మొన్న సోమవారం సీసా మెడకు కొత్తగా పల్చటి ప్లాస్టిక్ తొడుగు కనిపించింది. ముడుచుకుపోయి మూతను పట్టుకుని ఉంది. పరవాలేదే అనుకున్నాను. కోడల్ని పిలిచి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, గోటితో తొడుగు అంచు దొరకబుచ్చుకుని పైకి లాగాను. తొడుగు ఎక్కడా చిరగకుండా, మూతను కూడా వెంటేసుకుని, టోపీలా నా చేతిలోకి వచ్చేసింది. కోడలు దాన్ని తీసుకుని మళ్ళీ సీసాకు తొడిగింది. చక్కగా సరిపోయింది.