సముద్రములోని దాహము

పూడిమడక జాలరులు ట్యూనా చేపల వేటకై దూరపు సముద్రమునకు పోవునపుడు మంచినీటిని డబ్బాలలో వెంట గొనిపోవుదురు. కనుచూపుమేర నీరే యున్నను అందొక గుక్కెడైనను దాహమునకు పనికిరాదని వారికి దెలియును. వారి పడవ ప్రక్కన నెగసిపడుచు వచ్చు డాల్ఫినో, మనవలెనే గాలి పీల్చి పిల్లలకు పాలిచ్చు జంతువయ్యు, మంచినీటి చుక్క నెరుగక జీవించుచున్నది.

అది యుప్పునీరు త్రాగి యుప్పును విసర్జించునని విద్యార్థులు తరచుగా చెప్పుదురు. ఇందు సత్యము కొంచెమే. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణము లుండును. ఆ యుప్పును వెడలించుటకు మన మూత్రపిండములు లీటరుకంటె నెక్కువ నీటిని వ్యయపరుపవలెను. కావున దాహము హెచ్చునేగాని తీరదు. డాల్ఫిను మూత్రపిండములు ద్రాక్షగుత్తివలె వందలకొలది చిన్న భాగములుగా నమరి, మనవానికంటె సమర్థములై యున్నవి. అయినను అది వానినే నమ్ముకొని యుప్పునీరు త్రాగుచు బ్రదుకుట లేదు.

దాని చెరువు చేపయే. చేప బరువులో నాలుగింట మూడు పాళ్లు నీరు. చేప తాను సముద్రజలమును త్రాగి, మొప్పలద్వారా నుప్పును వెలికి నెట్టును. అందుచే దాని రక్తమున నుప్పు సముద్రములో మూడవవంతు మాత్రమే. వడగట్టు శ్రమ చేపది, త్రాగు సుఖము డాల్ఫినుది! అంతియకాదు, తిన్న కొవ్వు దేహములో దహించునపుడు అందలి హైడ్రొజను ప్రాణవాయువుతో గలసి నీరగును. 100 గ్రాముల కొవ్వునుండి సుమారు 107 గ్రాముల నీరు పుట్టును. కొవ్వుకంటె నీరెట్లు హెచ్చెనని గణితోపాధ్యాయులు కోపింపవలదు. పీల్చిన ప్రాణవాయువు బరువును అందు జేరినది. చెమట పట్టదు గనుక నష్టమును స్వల్పమే.

ఇట్లుండగా, సముద్రజంతువునకు నీటికరవేమి యని నవ్వుట తగదు. చేపలు తరిగిన సముద్రము డాల్ఫినుకు ఎండిన చెరువు. ఆకలియే దానికి దాహము. తిండి దొరకనిచో తన దేహమందలి కొవ్వునే కరగించి నీరు చేసికొనును. ఆ నిలువ యెన్నాళ్లు? తూర్పుతీరమున నేటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములలో పూటగడవని జాలరి కుటుంబములను ప్రభుత్వము సకాలమున నాదుకొనవలసినదే. కాని యా నిషేధము చేపల గ్రుడ్లకొరకే యని యెంచువారు దాని ఫలములో సగమునే చూచుచున్నారు.

మరియొక మాట. ఒడ్డున బడిన డాల్ఫిను కనబడినచో, దయతోనైనను దాని తలమీది రంధ్రములో నీరు పోయవలదు. అది నోరు గాదు, ముక్కు. ఆ రంధ్రమును వదలి, తక్కిన చర్మముపై తడిగుడ్డ కప్పి, వెంటనే అటవీశాఖవారికి తెలియజేయవలెను.